ఎలుకలకు సాంబ్రాణి

చేతిలో కర్ర లేకుండా, నోటితో ఒక్క తిట్టు తిట్టకుండా, ఒక్క పొద్దుటి పూటలో ఒక యూనివర్సిటీ పరువు తీసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, ఆ ఘనుణ్ణి నేనే. పైగా ఆ పని భక్తితో చేశాను. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని మరీ చేశాను. ఈ కథలో నవ్వొచ్చే చోట్లు చాలా ఉన్నాయి, మొహమాటపడకుండా నవ్వండి. నాకు మాత్రం దీన్ని చివరిదాకా నవ్వుతూ చెప్పడం ఇంతవరకు చేతకాలేదు. ఇవాళ ఇంకోసారి ప్రయత్నిస్తాను.

మాది వరంగల్ చౌరస్తా దగ్గర పూజ సామాన్ల దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, అగరొత్తులు, సాంబ్రాణి, గుగ్గిలం, అత్తరు, పన్నీరు. నేను పుట్టినప్పుడు కళ్లకంటే ముందు ముక్కు తెరిచానని మా అమ్మ అనేది. కళ్లు మూసుకుని కూర్చున్నా, ఏ డబ్బా మూత తీస్తే ఆ సరుకు పేరు చెప్పేవాణ్ణి. ఇంత గొప్ప ముక్కున్నవాడు గల్లాపెట్టె ముందు కూర్చుని సుఖంగా బతకాలా వద్దా? బతకలేదు. ఎమ్మెస్సీ చదివాను, ఎనభైలు మొదలైన కొత్తలో మా యూనివర్సిటీలోనే రీసెర్చికి చేరాను. "పోనీ తియ్, పిలగాడు సదువుకుంటాండు. ఇంట్ల తిండికేం కొదువ లేదు" అన్నాడు మా నాన్న. ఆ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ల్యాబులో నా పక్క బల్ల యాదగిరిది. వర్ధన్నపేట దగ్గర పల్లెటూరు, వాన పడితే పండే కాస్త చెలక, అంతే వాళ్ల ఆస్తి. మా ఇద్దరిలో తెలివైనవాడు ఎవరని మీరు అడక్కండి, నేను చెప్పను. అతను నన్ను "సేటూ" అనేవాడు, నేను అతన్ని "పటేలా" అనేవాణ్ణి. నా దుకాణం ఎంత పెద్దదో అతని పటేల్‌గిరీ కూడా అంత పెద్దదే. మిగతా వాళ్లమంతా ప్రొఫెసర్ గారు ఏ పని అప్పగిస్తే దాని మీద రీసెర్చి చేసేవాళ్లం. యాదగిరి మాత్రం తన ప్రశ్న తానే తెచ్చుకున్నాడు. కామెర్లకు పల్లెల్లో పోసే నేల ఉసిరి పసరు కాలేయానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? దాన్ని ఎలుకల మీద తేల్చాలి.

"ఇన్ని ఉండంగ ఈ పసరెందుకు పట్టుకున్నవ్ పటేలా?" అని ఒకరోజు క్యాంటీన్లో అడిగాను.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మా అన్నకు కామెర్లైనయ్ సేటూ. నేను అప్పుడు ఇంటర్ల ఉన్న. పక్కూరికి పోయి పసరు తెచ్చింది నేనే, పొద్దుగాల పరిగడుపున పోసింది నేనే. తాగనని మొండికేస్తే ముక్కు పట్టుకోని పోసిన. వారం తిరగలె, పోయిండు."

"పసరుతోనే పోయిండంటవా?"

"గదే తెల్వది. ఊర్ల సగం మంది పసరు సంపిందన్నరు. సగం మంది వాని రాత గంతే అన్నరు. మా అమ్మ ఏమనలె. నా మొకం జూసి ఊకున్నది. గా ఊకునుడే నన్ను నిద్ర పోనియ్యది. నా చేతులతోని మా అన్నను సంపుకున్ననా, లేదా? నాకు గది తెల్వాలె. డాక్టరేటు, నౌకరి, గవన్నీ తర్వాత."

నేను ఇంకో రెండు చాయ్‌లు చెప్పాను.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. యాదగిరికి అప్పటికి ఏ స్కాలర్‌షిప్పూ లేదు. హాస్టల్లో స్నేహితుడి గదిలో నేల మీద పడుకునేవాడు, కోతలప్పుడు ఊరికి వెళ్లి కోసి వచ్చేవాడు. "ఉగాదిదాంక సూస్త బిడ్డా, గంతకంటె నాతోని గాదు" అని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. ఇలాంటి వాళ్ల కోసమే ఢిల్లీలో ఒక సంస్థ ఉండేది. వైద్యానికి పనికొచ్చే పరిశోధన చేసే కుర్రవాళ్లకు శిక్షణ గ్రాంటు ఇచ్చేది. చిక్కేమిటంటే, కుర్రవాడు ఎంత గొప్పవాడైనా గ్రాంటు నేరుగా అతనికి ఇవ్వరు. ముందు అతని యూనివర్సిటీకి అర్హత ఉందని తేలాలి. పని నేర్పగల అధ్యాపకులు ఉండాలి. దగ్గర్లో మెడికల్ కాలేజీ దవాఖానతో సంబంధం ఉండాలి. పరికరాలుండాలి. చివరగా, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలతో శుభ్రమైన యానిమల్ హౌస్ ఉండాలి. ఇవన్నీ కళ్లారా చూడటానికి కమిటీ వస్తుంది, చూసి పాసో ఫెయిలో చెప్పి పోతుంది. పెళ్లిచూపులకు యూనివర్సిటీ మొత్తం చాప మీద కూర్చున్నట్టన్నమాట.

కమిటీ డిసెంబరులో వస్తుందని కబురందింది. మా ప్రొఫెసర్ గారు అందర్నీ పిలిచారు. ఆయన మామూలుగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు, కోపం వస్తే మాత్రం సొంతూరి తెలుగు బయటికొస్తుంది.

"మిగిలినవన్నీ నేను చూసుకుంటాను. యానిమల్ హౌస్ ఒక్కటే నా భయం. ఛైర్మన్ గారికి వాసన పడదట. ఇంతకుముందు ఎక్కడో గుమ్మంలోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారట."

ఎలుకల గది వాసన ఎరగనివాళ్లు అదృష్టవంతులు. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు గోడల్లోంచి ఊరుతూనే ఉంటుంది. అందరూ తలలు వంచుకున్నారు. నేను ఎత్తాను.

"సార్, వాసన సంగతి నాకొదిలెయ్యండ్రి. మాది వాసనల దుకాణం."

"ఏం చేస్తావయ్యా?"

"మీరే చూస్తరు సార్."

ప్రొఫెసర్ గారు సంతోషించి ఆ బాధ్యత నాకే అప్పగించారు. బయటికి రాగానే యాదగిరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సేటూ, ఊడ్సి కడిగితె సాలు. ఎలుకల జోలికి మాత్రం పోకు. నెలల సంది పసరు తాగిస్తాన. వచ్చే వారం కోసి కాలేయాలు చూసుడే. ఒక్క వారం, గంతే."

"జర్ర గూడ ఫికర్ జెయ్యకు పటేలా. నీ ఎలుకలను పెండ్లికొడుకులను జేస్త."

ఆ మాట మీద నేను నిలబడ్డాననే అంటాను.

కమిటీ వచ్చే రోజు తెల్లవారకముందే యాదగిరిని కారులో కాజీపేట స్టేషనుకు పంపారు, ఢిల్లీ బండి దిగే పెద్దమనుషులను తీసుకురావడానికి. నేను అదే సమయానికి దుకాణం సంచితో యానిమల్ హౌస్‌కు చేరాను. మూడు కుంపట్లు, బొగ్గులు, మా దుకాణంలో ఉన్నవాటిల్లోకెల్లా మేలురకం సాంబ్రాణి, తోడుగా గుగ్గిలం. అతిథుల మీద చల్లడానికి వెండిపూత పన్నీరు బుడ్డి కూడా తెచ్చాను. ఎలుకలకు మేత వేసే సమ్మయ్య తాళం తీసి, నా సరంజామా చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఏంది సార్, సత్యనారాయణ వ్రతమా?"

"సాంబ్రాణి ఏస్తాన సమ్మయ్యా. చంటిపిల్లలకు నీళ్లు పోసినంక ఏస్తరు గద?"

"ఎయ్యరా మరి! మా మనుమరాలికి దినాం ఏస్తం. పొగ వట్టినంక పొద్దుగూకేదాంక పంటది."

"గంతే మరి. వాసన పోతది, ఎలుకలు గూడ నిమ్మళంగ పంటయి."

ఇద్దరు పండితులు ఏకాభిప్రాయానికి వస్తే ఇక ఆపేవాడెవడు? మా అమ్మ చంటిపిల్లల తల ఆరబెట్టడానికి కుంపటి మీద బుట్ట బోర్లించేది. పొగ చెదరకుండా పడితేనే జుట్టుకు వాసన పడుతుందని చెప్పేది. నేను కూడా ఆ శాస్త్రమే పాటించాను. కుంపట్లు మూడు మూలలా పెట్టాను. కిటికీలు బిగించాను. తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కాను. సరుకు పొగ రూపంలో బయటికి పోయి దండగ కావడం దుకాణదారు కొడుకు చూస్తూ ఊరుకుంటాడా?

"మా మనుమరాలికి గూడ ఇంత గుప్పున ఎన్నడు ఏయలె సార్. ఈ ఎలుకల నసీబే నసీబు" అన్నాడు సమ్మయ్య.

ఎలుకల అదృష్టానికి మురిసిపోతూ ఇద్దరం చాయ్ తాగడానికి వెళ్లాం. చలికాలం పొద్దు. క్యాంటీన్లో పొయ్యి పక్కన వెచ్చగా ఉంది. ఇంకో చాయ్ చెప్పాం. కమిటీ ముక్కుల గురించి, వాళ్లు నన్ను ఏమని పొగుడుతారో అన్నదాని గురించి తీరిగ్గా మాట్లాడుకున్నాం.

తిరిగొస్తుంటే దూరం నుంచే కనిపించింది. యానిమల్ హౌస్ తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పొగ మేఘంలా బయటికి వస్తోంది. ఆ పొగలోంచి యాదగిరి ఒక్కొక్క పంజరం తెచ్చి వరండాలో పెడుతున్నాడు. పెద్దమనుషులను గెస్ట్‌హౌస్‌లో దింపి, ఎలుకలను ఒకసారి చూసుకుందామని నేరుగా ఇక్కడికే వచ్చాడట.

"ఏం జేసినవ్ సేటూ?"

అరవలేదు. మామూలుగానే అడిగాడు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

"ధూపమేసిన పటేలా. వాసన పోవాలె గద..."

"బొగ్గుల కుంపట్లు లోపలనే వెట్టినవా?"

"సాంబ్రాణికి నిప్పు గావాలె గద."

"తలుపులు?"

"మూసిన."

యాదగిరి మెడలో తువ్వాలు తీసి పంజరాలకు గాలి విసరడం మొదలుపెట్టాడు. సమ్మయ్య ఎక్కడి నుంచో చాట తెచ్చాడు. నాకు అగరొత్తుల అట్టపెట్టె దొరికింది. డిసెంబరు చలిలో, స్వెట్టర్లు తొడుక్కుని, ముగ్గురం వంగి ఎలుకలకు విసురుతున్నాం. అటుగా పోతున్న కుర్రాడొకడు సైకిలు ఆపాడు.

"ఏందన్నా, ఎలుకలకు ఉక్కపోస్తాందా?"

"పోరా నీయవ్వ, నీ పని నువ్వు సూస్కో" అన్నాడు సమ్మయ్య.

కొన్ని కదిలాయి. కొన్ని మూతులు పైకెత్తి గాలి కోసం నోళ్లు తెరిచాయి. చాలావరకు ఇక లేవలేదు. చంటిపిల్లల్లాగే పొద్దుగూకేదాకా పడుకున్నాయి, ఆ తర్వాత కూడా పడుకునే ఉన్నాయి. నన్ను క్షమించండి, ఇది నవ్వుకోవలసిన చోటనే రాశాను, రాశాక నాకే నవ్వు రాలేదు. యాదగిరి ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని, పక్కటెముకల మీద వేలు పెట్టి చూసి, కింద పెట్టేవాడు. "ఇది పసరు తాగింది. ఇది తాగనిది. ఇది తాగింది..." కాసేపటికి ఆ మాట అనడం కూడా మానేశాడు.

"అన్నీ గల్సిపోయినయ్ సేటూ. ఏది పసరుతోని పోయిందో, ఏది పొగతోని పోయిందో ఇంక తెల్వది."

అప్పుడు వచ్చారు ప్రొఫెసర్ గారు. కొత్త కోటు, మెడకు టై. వరండా చూశారు, కుంపట్లు చూశారు, నన్ను చూశారు. పుస్తకాల తెలుగు ఎగిరిపోయింది.

"ఏందిరా ఇది? ఈ పొగేంది? ఈ కుంపట్లేంది? అసలు నువ్వేందిరా?"

ఆఖరి ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అప్పటికే గెస్ట్‌హౌస్ నుంచి కారు బయలుదేరిందన్నారు. చచ్చినవాటిని సమ్మయ్య గోనెసంచిలో వెనక్కి తీసుకుపోయాడు. బతికినవాటిని లోపల పెట్టి, ఖాళీ పంజరాలను వెనక దాచాం. వాటి ఒంటినిండా పొగ వాసన. అప్పుడు నా గొప్ప ముక్కు నాకు ఇంకో సలహా ఇచ్చింది. సంచిలోంచి పన్నీరు బుడ్డి తీసి, ఎలుకలన్నిటి మీదా చల్లాను, పెళ్లివారి మీద చల్లినట్టు, ఏ ఒక్కదాన్నీ వదలకుండా.

కమిటీలో ముగ్గురు. ఛైర్మన్ గారు బక్కపలచని మనిషి, రుమాలు ముందే చేతిలో పట్టుకుని వచ్చారు. గుమ్మంలో ఆగారు. మెల్లగా గాలి పీల్చారు. ఇంకాస్త గట్టిగా పీల్చారు. రుమాలు జేబులో పెట్టుకున్నారు. దేశంలో ఇంత సువాసన గల యానిమల్ హౌస్ ఎక్కడా చూడలేదని ఇంగ్లీషులో అన్నారు. ప్రొఫెసర్ గారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నేను యాదగిరి వైపు చూశాను. అతను గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు ఒక ఎలుక తుమ్మింది.

ఎలుక తుమ్ము ఎంతుంటుంది చెప్పండి? అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు కూడా ఉండదు. కానీ పక్కనున్నది కూడా తుమ్మింది. ఆ వెనకది. తర్వాత వరసగా అందుకున్నాయి. కమిటీలోని హైదరాబాదు పశువైద్యుడు, నెరిసిన మీసాల పెద్దమనిషి, వంగి ఒక ఎలుకను చేతిలోకి తీసుకున్నాడు. దాని ఎర్రటి కళ్లు చూశాడు, వాసన చూశాడు.

"ఏం బాబూ, ఎలుకకు పన్నీరు వాసనొస్తాంది?"

"మర్యాదకు సార్" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు.

"మర్యాద మంచిదే. తుమ్ములెందుకు? ఎప్పటి సంది తుమ్ముతున్నయి?"

ఇక్కడ నేను చెప్పవలసింది ఒకే ఒక్క మాట. పొగ. తప్పు నాదే సార్, పొగ పెట్టాను. అంతే, గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన మాట. అందరూ నన్నే చూస్తున్నారు. వెళ్లగొడతారేమో అనుకున్నాను. మా నాన్న దుకాణంలో అందరి ముందూ ఏమంటాడో అనుకున్నాను. నోరు తెరిచాను.

"చలికాలం గద సార్. జలుబు."

"జలుబా?"

"అవున్సార్. నాలుగైదు దినాల సంది. తగ్గుతాంది."

యాదగిరి తలెత్తి నన్ను చూశాడు. ముందురోజు రాత్రి అతను వాటిని చూసి వెళ్లాడు, ఒక్క తుమ్ము లేదు. పొగ మాట ఎత్తితే చచ్చినవాటి లెక్క కూడా బయటపడుతుందని ప్రొఫెసర్ గారు ఎత్తరు. యాదగిరి నోరు తెరిస్తే నా పని ఖతం. తెరవలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నన్ను కాపాడిన ఆ మౌనానికి నేను లోలోపల సంతోషించానని కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

కమిటీ వాళ్లు ముగ్గురూ పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. అధ్యాపకులు బాగున్నారు, దవాఖాన బాగుంది, పరికరాలు ఫర్వాలేదు. కానీ ఎలుకల మందకు ఊపిరితిత్తుల అంటువ్యాధి ఉంది. ఉన్నవన్నీ తీసేసి, గది ఖాళీ పెట్టి, కొత్త మందను పెంచుకోవాలి. అంతవరకు ఈ యూనివర్సిటీకి అర్హత లేదు. తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పశువైద్యుడి సంచి మోసుకుంటూ కారు దాకా వెళ్లింది నేనే. ఎక్కబోతూ ఆయన నా భుజం తట్టాడు. "తెలివిగల పిల్లలే మీరు, జర దురదృష్టం. నేను ముందు ఎవలో పొగ పెట్టిండ్రేమో అనుకున్న. పొగైతే ఫికర్ లేకుండె. గాలి తగిల్తే తేరుకుంటయి. ఒక నెల ఆగి మళ్లొచ్చి చూస్తుంటిమి. జలుబంటివి గద, ఇగ మంద మొత్తం పోయినట్టే."

కారు కదిలింది. కంకర బాట, గుంతలు, నెమ్మదిగానే పోయింది. పరుగెత్తితే అందేది. నాకు కాళ్లున్నాయి, రెండూ బాగానే ఉన్నాయి. నేను నిలబడి, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

యాదగిరి ఉగాదిదాకా కూడా ఆగలేదు. ఎలుకలే లేనప్పుడు ఆగి చేసేదేముంది? ఊరి పక్క బళ్లో సైన్సు మాస్టరు పని దొరికిందన్నాడు. హనుమకొండ బస్టాండుకు నేను అతని పెట్టె మోశాను. బస్సు ఎక్కేముందు అడిగాను.

"ఆయాల నోరెందుకు తెరవలె పటేలా?"

"తెరిస్తే ఏమైతుండె? నిన్ను ఎల్లగొడుదురు. నా ఎలుకలు లేసొస్తయా?" అని నవ్వాడు. "నిన్ను బయటికి నూకి నేను లోపల కూసుంటనా సేటూ? పో, మంచిగ సదువుకో. ఇంకోపాలి ఎలుకలకు పెండ్లి జేస్తే మాత్రం నాకు శుభలేఖ పంపు."

పశువైద్యుడు కారెక్కుతూ అన్న మాట అప్పటికీ నేను చెప్పలేదు. చెప్పబోయాను. కండక్టరు విజిలేశాడు. కండక్టరు మీద నెట్టేసి ఇంటికొచ్చాను.

మా యూనివర్సిటీకి అర్హత వచ్చింది, కొన్నేళ్లకు. కొత్త గది, కొత్త మంద, మళ్లీ కమిటీ. ఆ గ్రాంటులో మొదటి పేరు ఎవరిదో ఊహించారా? నాదే. గొప్పవాణ్ణయి కాదు, ఆగగలిగాను కాబట్టి. ఇంట్లో తిండికి కొదవ లేదని మా నాన్న అన్నాడే, అది ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాను. యూనివర్సిటీలు ఎన్నేళ్లయినా ఆగుతాయి. దుకాణదారు కొడుకు కూడా ఆగుతాడు. చెలక రైతు కొడుక్కు ఒక్క ఉగాదే గడువు.

"ఆ పసరు పని నువ్వే చెయ్యాలయ్యా. రీసెర్చి అనుకోకు, శిక్ష అనుకో" అన్నారు ప్రొఫెసర్ గారు. చేశాను. ఈసారి ఎలుకల గదిలో అగ్గిపుల్ల కూడా గీయనివ్వలేదు. సమ్మయ్య బీడీ కాల్చుకోవాలంటే మైదానం అవతలి గేటు దాకా తరిమేవాణ్ణి. ఎండాకాలాలూ వానాకాలాలూ గడిచాక ఫలితం తేలింది. ఆ సాయంత్రమే వర్ధన్నపేట బస్సు ఎక్కాను.

యాదగిరి ఇల్లు కనుక్కుని వాకిట్లో అడుగుపెట్టేసరికి, అతని భార్య పసిబిడ్డకు స్నానం చేయించి, కుంపటి మీద సాంబ్రాణి వేయబోతోంది. నన్ను చూసి యాదగిరి ఒక్క గావుకేక పెట్టాడు.

"ఏయ్, ఆపు, ఆపు! ఆ నిప్పు తీస్కపోయి అవతల పారెయ్యి! సేటొచ్చిండు!"

ఆమె గాభరాగా కుంపటి ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. యాదగిరి కడుపు పట్టుకుని నవ్వాడు. జుట్టు అప్పుడే పలచబడింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకున్నాడు. నేను చాయ్ తాగలేకపోయాను.

"పటేలా, ముందు నీకొకటి చెప్పాలె" అని మొదలుపెట్టి, కారు దగ్గర పశువైద్యుడు అన్నదంతా చెప్పేశాను. పొగ అని ఉంటే నెలాగి మళ్లీ వచ్చేవాళ్లట. కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టుకునేవాడివి. నేను జలుబన్నాను. కారు వెనక పరుగెత్తలేదు. బస్టాండులో కూడా చెప్పలేదు.

అతను బిడ్డ తల నిమిరాడు.

"గంత చిన్న మాటనా సేటూ?" అన్నాడు.

"గంతే."

"సరే తియ్. అయిపోయిందాన్ని ఏం జేస్తం."

అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఇన్నేళ్లు దాని కోసమే ఎలుకల మధ్య బతికానని చెప్పాను. "పసరు సంపది పటేలా. బాగున్న ఎలుకలకు ఒట్టి పసరు తాగిచ్చిన, కాలేయానికి ఏం గాలె. కాలేయం చెడినవాటికి తాగిచ్చిన, తాగనివాటికంటె జరంత మంచిగనే ఉన్నయి. మీ అన్న పసరుతోని పోలె. నువ్వు సంపలె."

యాదగిరి కళ్లెత్తాడు. ఆ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. నేను చూశాను, నా కళ్లతో చూశాను. ఇన్నేళ్లుగా మోసిన బరువు దింపడానికి వంగినవాడిలా కాస్త ముందుకు వంగాడు. అంతలోనే ఆగిపోయాడు. నా ముఖంలోకి చూశాడు, ఆ రోజు యానిమల్ హౌస్‌లో గోడ దగ్గర నుంచి చూసినట్టే.

"సేటూ... ఇది నిజమేనా? జలుబసొంటి మాట గాదు గద?"

"గాదు పటేలా! నా మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు!"

"అట్లనే, అట్లనే. ఊకె అడిగిన" అన్నాడు. బిడ్డను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. "చాయ్ సల్లారుతాంది, తాగు."

నమ్మాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాం, ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అబద్ధం వల్ల గ్రాంటు పోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. గ్రాంటు మళ్లీ వచ్చింది. అతనికి నిజం కావలసిన ఒక్క రోజున, అది నా నోటినుంచి రావలసి వచ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మా దుకాణంలోని దేవుళ్లందరి సాక్షిగా, పసుపు కుంకుమల సాక్షిగా, తుమ్మిన ఆ మొదటి ఎలుక సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఊపిరున్న ఏ ప్రాణి ఎదుటా నేను సాంబ్రాణి వెయ్యను. అదొక్కటే కాదు. ఈ జన్మలో జలుబు అన్న మాట నా నోట రాదు. ముక్కు కారనీ, గొంతు పూడనీ, వరసగా తుమ్ములు రానీ, "ఏమైందండీ?" అని మా ఇంటావిడ అడిగితే ఒకటే జవాబు.

పొగ తగిలింది.

ఆమె నమ్మదు. అయినా అదే చెబుతాను.